రిఫైనరీ చమురు పట్టిన మడ అడవిని బాగుచేయడం: మొదటి గంట నుంచి పదో ఏటి దాకా

2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను వానలకు చెన్నై ఉత్తరాన మణలి పారిశ్రామికవాడ మునిగింది. అక్కడి సీపీసీఎల్ (చెన్నై పెట్రోలియం కార్పొరేషన్) రిఫైనరీ ప్రాంతం నుంచి చమురు వరద నీటి మీద తేలుతూ బకింగ్‌హామ్ కాలువలోకి, అక్కణ్నుంచి కొసస్తలైయార్‌లోకి (చిత్తూరు జిల్లాలో కుశస్థలి అనేది దీన్నే), చివరికి ఎన్నూరు మొగకు చేరింది. మడచెట్ల వేళ్లు నల్లబడ్డాయి. పడవలు, వలలు పాడయ్యాయి. గూడబాతుల రెక్కలకు జిడ్డు అంటింది. బకింగ్‌హామ్ కాలువ అక్కడితో ఆగదు, ఉత్తరానికి పులికాట్ మీదుగా మన నెల్లూరు తీరంలోకి వస్తుంది. విశాఖలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ ఉన్నది కూడా మేహాద్రిగెడ్డ సముద్రాన్ని చేరే పల్లపు ప్రాంతం పక్కనే. కాబట్టి ఇది మనకు దూరపు సంగతి కాదు.

మడ అడవిలో పడ్డ చమురు ఎన్నాళ్లుంటుందో చెప్పడానికి పనామా ఉదాహరణ ఉంది. 1986 ఏప్రిల్‌లో అక్కడి కరీబియన్ తీరాన, బహియా లాస్ మినాస్ దగ్గర ఒక రిఫైనరీ ట్యాంకు పగిలి కనీసం 80 లక్షల లీటర్ల ముడిచమురు తీరంలోకి పోయింది. పక్కనే గలేటాలో స్మిత్‌సోనియన్ పరిశోధన కేంద్రం ఉండటంతో తర్వాత జరిగిందంతా ఏళ్ల తరబడి నమోదైంది. ఐదేళ్లు గడిచినా బురదలోంచి చమురు ఊరుతూనే ఉంది. చచ్చిన చెట్ల వేళ్లు కుళ్లి, గట్లు కోసుకుపోయి, లోపల దాగిన చమురు మళ్లీ బయటపడింది. రిఫైనరీ తరఫున 80 వేలకు పైగా మొక్కలు నాటారు. కానీ వాటంతట అవే మొలిచిన చోట అడవి దాదాపు అంతే బాగా తిరిగొచ్చిందని తర్వాతి పరిశీలనలో తేలింది.

అందుకే పని వరస ఇలా ఉండాలి: మూలం, మనుషులు, తేలే చమురు, బురద, నీటి దారులు, ఆఖర్న మొక్కలు. మన దగ్గర తరచూ ఫొటోల కోసం చివరిదాన్ని ముందుకు తెస్తారు. చమురు బురదలో నాటిన మొక్క మొదటి వేరు దిగేదాకా పచ్చగానే కనిపిస్తుంది.

మూలాన్ని కట్టకుండా బురదను ముట్టుకోవద్దు

రిఫైనరీ నుంచి చమురు బయటికొచ్చే దారులు మూడు: వాన నీరు, పాత కాలువలు, భూగర్భం.

వాన నీటి లెక్క చూడండి. 100 హెక్టార్ల సిమెంటు ఆవరణలో 100 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష ఘనపు మీటర్ల నీరు. నూనెను, నీటిని వేరుచేసే ఏపీఐ సెపరేటర్ గంటకు కొన్ని వందల ఘనపు మీటర్లకు కట్టి ఉంటుంది. అంత నీరు ఒక్కసారి వస్తే నూనె తేలే వ్యవధి దొరకదు, ఏళ్లుగా పేరుకున్న అడుగు మడ్డి కూడా లేచి బయటికి పోతుంది. రిఫైనరీ వాళ్లను నాలుగు సంగతులు అడగండి. తుపాను నీటిని నిలిపే చెరువు సామర్థ్యం ఎంత? అది ఇప్పుడు ఖాళీగా ఉందా? ట్యాంకుల చుట్టూ ఉన్న కట్టల డ్రెయిన్ వాల్వులు మూసి తాళం వేసి ఉన్నాయా? సెపరేటర్ మడ్డి చివరిసారి ఎప్పుడు తీశారు? మొదటి ప్రశ్నకు జవాబు కాగితం మీద దొరుకుతుంది. మిగతా మూడు వెళ్లి చూస్తేనే తెలుస్తాయి.

రోజువారీగా వదిలే నీటికి మన దేశంలో 2008 నుంచి ఉన్న పరిమితులు గుర్తుంచుకోండి. లీటరుకు నూనె, గ్రీజు 5 మిల్లీగ్రాములు, బీఓడీ (మలినాన్ని విరగ్గొట్టడానికి సూక్ష్మజీవులకు పట్టే ఆక్సిజన్) 15, సీఓడీ (రసాయనికంగా విరగ్గొట్టడానికి పట్టే ఆక్సిజన్) 125, ఫినాల్ 0.35, సల్ఫైడ్ 0.5, బెంజీన్ 0.1. తేటగా కనిపించే నీరు కూడా ఫినాల్ పరిమితి దాటి ఉండొచ్చు. కంటితో తేల్చకండి.

భూగర్భం దారి కంటికి కనపడదు. ట్యాంకుల కింద దశాబ్దాలుగా కారిన పెట్రోలు, నాఫ్తా భూజలం మీద తేలుతూ పల్లానికి జరుగుతుంటాయి. ప్రహరీ వెంబడి 20 నుంచి 30 మీటర్లకొక పరిశీలన బోరు వేసి, నూనె మందాన్ని ఇంటర్‌ఫేస్ ప్రోబ్‌తో కొలవండి. నూనె దొరికితే చిత్తడి నేలకు ఎగువన అడ్డుకందకం తవ్వాలి. లోతు వేసవి భూజల మట్టానికి మీటరు దిగువ వరకు ఉండాలి. చిత్తడి వైపు గోడకు 2 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ షీటు, లోపల 20 మిల్లీమీటర్ల కంకర, అడుగున 150 మిల్లీమీటర్ల చిల్లుల పైపు, 50 మీటర్లకొక సంపు వేయండి. సంపులో నీటి పంపు కింద, నూనె స్కిమ్మర్ (తేలే నూనెను లాగే యంత్రం) పైన ఉండాలి. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు కందకాన్ని వానాకాలపు నీటి మట్టం చూసి తవ్వడం. మే నెలలో మట్టం పడిపోగానే నూనె కందకం కిందుగా దాటిపోతుంది.

అలా తోడిన భూజలాన్ని శుద్ధిచేయడానికి కట్టుడు చిత్తడి నేలే పనికొచ్చిన సందర్భం ఉంది. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రం కాస్పర్ పట్నంలో మూతపడ్డ ఒక పాత రిఫైనరీ కింది నీటి కోసం, రోజుకు 6,000 ఘనపు మీటర్ల వరకు తట్టుకునే కంకర పడకల చిత్తడిని 2003లో నడపడం మొదలుపెట్టారు. కంకర అడుగు నుంచి గాలి పంపితే బెంజీన్ విరిగే వేగం బాగా పెరుగుతుంది. అయితే ఇది పక్కన కట్టుకునే యంత్రం లాంటి ఏర్పాటు. సహజ మడ అడవిని ఇందుకు వాడుకోవడం నేరం.

మనుషులు దిగే ముందు

ఎన్నూరులో మత్స్యకారులు చాలామంది మగ్గులు, బకెట్లతోనే చమురు తోడారు. ఇకపై అలా జరగకూడదు. తాజా చమురు నుంచి మొదటి రెండు మూడు రోజులు బెంజీన్ ఆవిరి ఎక్కువగా లేస్తుంది. బురద తొక్కితే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. దాని మోతాదు పెరిగేకొద్దీ ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. "వాసన తగ్గింది" అని ఎవరైనా అంటే వాళ్లను ముందు బయటికి తీసుకురండి.

నాలుగు వాయువుల మీటరు, ఆవిర్లు కొలిచే పీఐడీ మీటరు రెండూ ఉండాలి. మండే వాయువు ఎల్‌ఈఎల్‌లో (అంటుకోవడానికి కావలసిన కనీస మోతాదులో) 10 శాతం చేరినా, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం చేరినా అందరూ గాలికి ఎదురు దిశలో బయటికి రావాలి. బెంజీన్ 0.5 పీపీఎం దాటితే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు తప్పనిసరి. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ఆవిరిని ఆపవు. చేతులకు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, రబ్బరు పాలతో చేసినవి చమురుకు ఉబ్బి చిరుగుతాయి. కాళ్లకు మోకాలి గమ్‌బూట్లు. చర్మానికి అంటిన చమురును కిరోసిన్‌తో తుడవొద్దు, వంటనూనె రాసి తర్వాత సబ్బుతో కడగాలి. మన ఎండలో ఆ దుస్తులతో 30 నిమిషాల పనికి కనీసం 15 నిమిషాల నీడ, నీళ్లు ఉండాలి. గర్భిణులను, పిల్లలను, ఉబ్బసం ఉన్నవాళ్లను ఈ పనిలోకి తీసుకోవద్దు.

జిడ్డు పట్టిన పక్షి కనిపిస్తే అక్కడికక్కడ కడగకండి. గాలాడే అట్టపెట్టెలో చీకటిగా, వెచ్చగా ఉంచి అటవీ శాఖకు అప్పగించండి. తడిసి చల్లబడిన పక్షి చమురు కన్నా ముందు చలికే పోతుంది.

బూమ్ వేయడం: కోణమే అసలు కిటుకు

తేలుడు అడ్డుగోడలు, అంటే బూమ్‌లు, కాలువకు అడ్డంగా నిటారుగా కట్టడం దాదాపు ప్రతి చోటా చూసే తప్పు. నీటి వేగం సెకనుకు 0.35 మీటర్లు దాటితే చమురు బూమ్ కిందుగా దూరి అవతలికి పోతుంది. వేగం కొలవడానికి కొబ్బరి డొక్క చాలు. 10 మీటర్ల దూరం పోవడానికి 29 సెకన్లో అంతకన్నా ఎక్కువో పడితే అడ్డంగా కట్టొచ్చు. 20 సెకన్లు పడితే ప్రవాహానికి 45 డిగ్రీల కోణంలో, 14 సెకన్లకు 30 డిగ్రీల్లో, 10 సెకన్లకు 20 డిగ్రీల్లో కట్టాలి. ఏటవాలుగా కడితే బూమ్ ఎక్కువ పొడవు కావాలి. 20 డిగ్రీలైతే కాలువ వెడల్పుకు మూడింతలు. చమురు జారి చేరే కొస నీరు నెమ్మదిగా ఉన్న ఒడ్డు వైపుండాలి, అక్కడే స్కిమ్మర్ పెట్టండి. పోటుకు, పాటుకు నీరు దిశ మారుతుంది కనుక మొగ దగ్గర రెండు వైపులా రెండు వరసలు అవసరం. తాళ్లు బిగించి కట్టేస్తే పాటులో బూమ్ గాలిలో వేలాడుతుంది. గుంజకు జారే కడియంతో కట్టండి.

తెల్లటి పాలీప్రొపిలీన్ పీల్చుడు బూమ్‌లు తన బరువుకు 10 నుంచి 15 రెట్లు చమురు పీలుస్తాయి, కానీ పలుచటి చమురుకే. చల్లారి తారులా మారిన దాని మీద అవి పైపైన అంటుకుని వ్యర్థాన్ని పెంచుతాయి. చిక్కటి చమురుకు బ్రష్ లేదా డ్రమ్ స్కిమ్మర్ వాడండి. అదీ దొరక్కపోతే వ్యాక్యూమ్ ట్యాంకరు గొట్టం కొసకు చదునైన మూతి బిగించి ఉపరితలం నుంచి లాగండి. మూతి నీళ్లలో మునిగితే ట్యాంకరు నిండా నీళ్లే వస్తాయి.

చిన్న కాలువల్లో బూమ్ కన్నా అండర్‌ఫ్లో కట్ట నమ్మకమైనది. ఇసుక బస్తాలతో కట్ట వేసి, అందులో 300 మిల్లీమీటర్ల పైపులు ఏటవాలుగా పెట్టాలి. ఎగువ కొస అడుగున, దిగువ కొస పైకి. నీరు అడుగు నుంచి పోతుంది, తేలే చమురు ఎగువనే నిలుస్తుంది. నీటి మట్టాల తేడా 30 సెంటీమీటర్లుంటే ఒక్కో పొట్టి పైపు సెకనుకు సుమారు 100 లీటర్లు లాగుతుంది. కాలువ ప్రవాహానికి సరిపడా పైపులు, అదనంగా ఒకటి పెట్టండి. పైపు ఎగువ మూతి ఉపరితలానికి దగ్గరైతే సుడి పుట్టి చమురు కూడా జారుతుంది. కనీసం అర మీటరు లోతులో ఉండాలి.

తీయడం, కడగడం, తొక్కకపోవడం

మడ అడవిలో చమురు కన్నా శుభ్రం చేయడానికి వచ్చినవాళ్ల కాళ్లు ఎక్కువ నష్టం చేసిన సందర్భాలున్నాయి. 1978లో ఫ్రాన్స్ తీరంలో ఆమకో కాడిజ్ ఓడ చమురు పడ్డ ఉప్పు చిత్తడిలో, భారీ యంత్రాలతో పై మట్టి గీకిన భాగాలు ముట్టుకోకుండా వదిలిన భాగాల కన్నా ఆలస్యంగా కోలుకున్నాయి. ఒక్క అడుగు చాలు, పైన పొరగా ఉన్న చమురు 20 సెంటీమీటర్ల లోతుకు దిగుతుంది. అక్కడ గాలి ఉండదు, సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టలేవు.

కాబట్టి నడవడానికి తాటి పట్టెలో, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలో ముందు పరచండి. దారి ఒకటే ఉండాలి. వీలైన చోట పడవ మీంచే పని చేయండి. శ్వాస వేళ్ల మీద చమురు అంటితే వాటి రంధ్రాలు మూసుకుని చెట్టు ఊపిరాడక చస్తుంది, అందుకే వాటిని కడగడం అవసరం. కానీ గుడ్డతో రుద్దొద్దు, విరుగుతాయి. అక్కడి ఉప్పునీటినే 3 అంగుళాల పంపుతో, మూతి దగ్గర ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 3 కిలోలు దాటకుండా చల్లండి. పోటు తగ్గడం మొదలై, బురద మీద ఇంకా జానెడు నీళ్లుండగా ఒడ్డు వైపు నుంచి కాలువ వైపు కడుగుతూ రావాలి. చమురు నీటి మీద తేలి బయట ఉన్న బూమ్‌లో పడుతుంది. నీళ్లు పూర్తిగా దిగాక కడిగితే అదే చమురు బురదలోకి దిగబడుతుంది. వేడి నీళ్లు, డిటర్జెంట్లు, డిస్పర్సెంట్లు (చమురును సన్న బిందువులుగా నీటిలో చెదరగొట్టే రసాయనాలు) ఇక్కడ నిషిద్ధం. డిస్పర్సెంట్ లోతైన సముద్రానికి ఉద్దేశించినది, అదీ తీర రక్షక దళం అనుమతితో. లోతు తక్కువున్న పాయలో చల్లితే చమురు కంటికి కనపడదు కానీ రొయ్య పిల్లలకు నేరుగా చేరుతుంది.

మడచెట్టు కొమ్మలు నరకొద్దు. జమ్ము, కిక్కిస లాంటి గడ్డి మొక్కలు మాత్రం చమురు దట్టంగా పట్టి పక్షులకు అంటుతుంటే 20 సెంటీమీటర్ల మోడు వదిలి కోయొచ్చు. మోడు నీట మునిగేంత పొట్టిగా కోస్తే వేరుకు గాలి అందక దుబ్బు చస్తుంది.

పని తేదీలు తిథి చూసి పెట్టుకోండి. అమావాస్య, పౌర్ణమి పోట్లకు చమురు ఎక్కడెక్కడికో ఎక్కుతుంది. కడగడానికి అవే మంచి రోజులు. బురద పనులకు అష్టమి చుట్టుపక్కల రోజులు మేలు.

వ్యర్థం ఎక్కడికి పోతుంది?

ఈ ప్రశ్నకు జవాబు లేకుండా పారను పట్టుకోవద్దు. ఒక హెక్టారులో 10 సెంటీమీటర్ల బురద గీకితే 1,000 ఘనపు మీటర్లు, అంటే 10 ఘనపు మీటర్ల టిప్పర్లు 100. తడి బురద బరువు 1,300 టన్నులకు తగ్గదు.

ద్రవ చమురు, చమురు బురద, చమురు పట్టిన ఆకులూ చెత్తా, వాడిన బూమ్‌లూ గ్లవ్సులూ – నాలుగూ మొదటి రోజు నుంచే వేరు వేరుగా ఉంచండి. కలిపితే అంతా అత్యంత ఖరీదైన వ్యర్థమవుతుంది. తాత్కాలిక గుంట పౌర్ణమి పోటు తాకని ఎత్తులో ఉండాలి, హెచ్‌డీపీఈ షీటు రెండు పొరలు వేసి, పైన టార్పాలిన్ కప్పాలి. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం నిల్వకు 90 రోజులు గడువు, రవాణాకు ఫారం 10 మేనిఫెస్ట్ (వ్యర్థం వెంట వెళ్లే నమోదు పత్రం). విశాఖ వైపు పరవాడలో, హైదరాబాద్ వైపు దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలున్నాయి. బరువు చీటీ లేకుండా ఒక్క లారీ కూడా కదలకూడదు. తీసిందెంత, చేరిందెంత అనే తేడా తర్వాత కోర్టులో ముఖ్యమవుతుంది.

ఇంకో ప్రమాదం చాలామందికి తట్టదు. మడ బురదలో ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటుంది. నల్ల బురదను ఒడ్డున కుప్ప పోసి ఆరబెడితే గాలి తగిలి ఆమ్లం పుడుతుంది, పీహెచ్ 4 కన్నా దిగువకు పడిపోయి లోహాలు కరిగి కారతాయి. కుప్పను తడిగా, కప్పి ఉంచండి. వారానికోసారి పీహెచ్ చూడండి. 5.5 దిగితే సున్నం కలపండి.

బురదలో ఏముందో కొలవడం

పైన తేలే చమురు పోయాక అసలు పని మొదలవుతుంది. 25 మీటర్ల చదరాలుగా గీసి, ఒక్కో చదరంలో ఒక నమూనా తీయండి. 63 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, 1.2 మీటర్ల పొడవు, కింది అంచు వాలుగా అరగదీసి బురదలోకి దించి, పైన రబ్బరు బిరడా బిగించి లాగితే స్తంభంలా వస్తుంది. పైపు లోపల, బయట లోతుల తేడా రాసుకోండి, బురద నొక్కుకుపోయి ఉంటుంది. 0–5, 5–15, 15–30, 30–60, 60–100 సెంటీమీటర్ల ముక్కలుగా విడదీయండి. పీతల బొరియల ద్వారా చమురు చక్కగా పరిచిన పై పొరను దాటి లోతుకు పోతుంది. అందుకే బొరియల మీదుగా విడిగా కొన్ని నమూనాలు తీయాలి. చదరాల మధ్యలోంచే తీస్తే అవి కనపడవు.

నమూనాలు గోధుమరంగు గాజు సీసాల్లో, టెఫ్లాన్ మూతతో, 4 డిగ్రీల చల్లదనంలో ఉంచి రెండు వారాల్లో ల్యాబ్‌లో వేరుచేయించాలి. ప్లాస్టిక్ డబ్బా చమురును తాను పీల్చుకుంటుంది. ల్యాబ్‌ను ఇవి అడగండి: కార్బన్ గొలుసు పొడవుల వారీగా మొత్తం పెట్రోలియం (టీపీహెచ్), బెంజీన్ కుటుంబం, పీఏహెచ్‌లు (అనేక వలయాలున్న విష హైడ్రోకార్బన్లు), నికెల్, వనాడియం, సీసం, క్రోమియం, సేంద్రియ కార్బన్, సల్ఫైడ్, లవణీయత. సిలికా జెల్ శుద్ధి చేశాకే టీపీహెచ్ కొలవమని రాతపూర్వకంగా చెప్పండి. కుళ్లిన ఆకుల మైనాలు కూడా పెట్రోలియంలాగే లెక్కలోకొచ్చి, చమురు చుక్క కూడా పడని మడ బురదలో వేల మిల్లీగ్రాములు చూపిస్తాయి. ఇదే కారణంతో చమురు తగలని పొరుగు పాయ నుంచి పోల్చే నమూనాలు అవసరం. ఎన్నూరు లాంటి చోట బురద కింద థర్మల్ కేంద్రాల బూడిద పొరలు కూడా ఉంటాయి, లోహాల మూలం తేల్చేటప్పుడు మరిచిపోవద్దు.

ఎవరి చమురు అనే వివాదం తప్పకుండా వస్తుంది. హోపేన్, స్టెరేన్ అనే జీవసూచికల (ఒక్కో చమురుకు వేలిముద్రలా పనికొచ్చే అణువుల) పోలిక చూపే జీసీ-ఎంఎస్ పరీక్షకు మొదటి రోజు చమురునే సీసాలో పట్టి సీలు వేసి దాచండి. హోపేన్ తేలిగ్గా విరగదు. కాబట్టి ఏడాది తర్వాత టీపీహెచ్, హోపేన్ నిష్పత్తి తగ్గితే చమురు నిజంగా విరుగుతోందని, నిష్పత్తి మారకుండా రెండూ తగ్గితే కొట్టుకుపోతోందో కొత్త బురదలో కలిసి పలచబడుతోందో అని అర్థం.

గీకాలా, వదలాలా?

నెదర్లాండ్స్ పాత ప్రమాణంలో ఖనిజ తైలం కిలో మట్టికి 5,000 మిల్లీగ్రాములు దాటితే జోక్యం చేసుకోవాలి. నైజీరియా కూడా దాన్నే తీసుకుంది. చిత్తడి నేలల్లో ఆ ఒక్క అంకెతో తీర్పు చెప్పలేం. మా దృష్టిలో పని సాగాల్సిన పద్ధతి ఇది: తొక్కితే చమురు ఊరే చోట్లు, తారు గడ్డలు తప్పనిసరిగా తీయాలి. 20,000 దాటి మొక్కలన్నీ చచ్చిన చోట పరిమితంగా గీకొచ్చు. 5,000కూ 20,000కూ మధ్య నీటి దారులు తెరిచి, జీవశుద్ధి (సూక్ష్మజీవులతో చమురును విరగ్గొట్టించడం) చేయాలి. 5,000 లోపు, ప్రాణులు తిరిగొస్తుంటే, కొలుస్తూ వదిలేయాలి. ప్రతి దశలోనూ మొలక పరీక్ష ఈ అంకెలను సరిదిద్దుతుంది. మంచినీటి నేలైతే 20 పెసలు, ఉప్పు నేలైతే 20 తెల్లమడ గింజలు, మూడు కుండీల్లో, పక్కన శుభ్రమైన బురద కుండీలు మూడు. శుభ్రమైన దాంట్లో మొలిచిన వాటిలో 80 శాతం కూడా ఇక్కడ మొలవకపోతే అంకె ఎంతున్నా ఆ నేల సిద్ధంగా లేదు.

గీకితే మట్టం పోతుంది. చెన్నై దగ్గర ఆటుపోట్ల తేడా మీటరుకు అటూ ఇటూ మాత్రమే. మడ మొక్కలు బతికేది అందులో పై సగంలోనే. 15 సెంటీమీటర్లు తీసి అలాగే వదిలితే అడవి ఉండాల్సిన చోట చెరువు మిగులుతుంది. తీసిన రోజే, అదే మెత్తదనం ఉన్న శుభ్రమైన బురదతో పాత మట్టానికి నింపండి. ఒట్టి ఇసుక పోస్తే రెండు అమావాస్యలకు కొట్టుకుపోతుంది. పొక్లెయిన్ తప్పదంటే వెడల్పు ట్రాకులున్నది, కింద పలకలు పరచి, గట్టు మీంచి చెయ్యి చాపినంత మేరకే.

తవ్వే ముందు అనుమతులు చూసుకోండి. 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) ప్రకటనలో మడ అడవులు 1ఏ కిందికి, అంటే అత్యంత సున్నితమైన ప్రాంతాల కిందికి వస్తాయి. నేల కాలుష్యానికి బాధ్యులెవరు, శుద్ధి ఖర్చు ఎవరిది అన్న వరసను 2025 జులైలో వచ్చిన కలుషిత ప్రదేశాల నిబంధనలు పెట్టాయి. అనుమానం ఉన్న స్థలాన్ని జిల్లా యంత్రాంగం దృష్టికి రాతపూర్వకంగా తీసుకెళ్లండి.

జీవశుద్ధి: ఎరువు లెక్క, గాలి లెక్క

చమురు తినే బ్యాక్టీరియా అక్కడే ఉంటుంది. బయటి నుంచి సీసాల్లో తెచ్చి పోటు తగిలే బురద మీద చల్లితే మర్నాటికి సముద్రంలో ఉంటుంది. టెరీ సంస్థ ఆయిల్‌జాపర్ లాంటి మిశ్రమాలు ఒడ్డున కట్టిన శుద్ధి మళ్లలో, తీసి తెచ్చిన మడ్డి మీద వాడేవి. అక్కడ పనిచేస్తాయి.

బురదలో కొరత ఉండేది నత్రజని, భాస్వరం, అంతకన్నా ముందు ఆక్సిజన్. చదరపు మీటరుకు 15 సెంటీమీటర్ల లోతు బురద ఎండు బరువు సుమారు 120 కిలోలు. కిలోకు 10,000 మిల్లీగ్రాములంటే అందులో 1.2 కిలోల చమురు, సుమారు కిలో కార్బన్. విరిగేది సగమే అనుకుని, 100 కార్బన్‌కు 5 నత్రజని, 1 భాస్వరం చొప్పున 25 గ్రాముల నత్రజని, 5 గ్రాముల భాస్వరం కావాలి. హెక్టారుకు సుమారు 540 కిలోల యూరియా, 715 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్. ఒక్కసారి చల్లితే అమ్మోనియాకు పీతలు చస్తాయి, కాలువ పచ్చటి పాచి పడుతుంది. పది విడతలుగా, మూడు వారాల ఎడంతో వేయండి. పైన చల్లకుండా, వరి రైతులు చేసినట్టు వేపపూత యూరియాను బురద ఉండల్లో పెట్టి 5 సెంటీమీటర్ల లోతున గుచ్చండి. బురదలోని నీటిలో నత్రజని లీటరుకు 2 నుంచి 5 మిల్లీగ్రాములుంటే చాలు, అంతకు మించితే ఆ విడత ఆపేయండి.

అయితే సెంటీమీటరు లోతులోనే నల్లగా, కుళ్లు గుడ్డు వాసనతో ఉంటే ఎరువు దండగ. అక్కడ గాలి చాలడం లేదు. మొక్క ఒక్కటీ బతకని చోట మాత్రం కేజ్ వీల్స్ వేసిన పవర్ టిల్లర్‌తో, అష్టమి రోజుల్లో, 15 సెంటీమీటర్లు దున్నొచ్చు. వేర్లు బతికున్న చోట దున్నితే గట్టును పట్టి ఉంచే వలే పోతుంది. అలాంటి నేలకు గాలిని తెచ్చేవి పోటు నీళ్లు, పీత బొరియలే.

నీటి దారులు

చమురు పట్టి చచ్చిన చాలా మడ ముక్కలు అంతకు ముందే రోడ్డు కట్టలతో, పైపులైన్ గట్లతో నీరు ఆడక నీరసించినవి. కట్టకు తూములు పెట్టడం ఒక్కటే సగం వైద్యం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్, అటవీ శాఖ కలిసి వాడిన చేపముల్లు కాలువల పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. నడుమ ప్రధాన కాలువ పైన 3 మీటర్లు, అడుగున మీటరు, లోతు మీటరు. దానికి 45 డిగ్రీల్లో రెండు వైపులా పిల్ల కాలువలు, లోతు 60 నుంచి 70 సెంటీమీటర్లు. కాలువ అడుగు మొగ వైపు వాలి ఉండాలి, నీరు నిలిచే గుంట ఒక్కటి మిగిలినా వేసవిలో ఉప్పు పేలుతుంది.

చమురు నేలలో అదనపు జాగ్రత్త ఒకటి: కాలువ గీసిన దారి పొడవునా ముందు నమూనాలు తీయండి. పాతిపెట్టినట్టున్న చమురు మీదుగా కాలువ తవ్వితే పొరుగు పాయ మొత్తానికి కొత్త చిందు మీరే చేసినట్టు. తవ్విన మట్టిని గట్టుగా పోస్తే మళ్లీ నీరాడదు, పలుచగా పరచండి. ఏటా ఒకసారి పూడిక తీయాలి. ఆ ఖర్చు మొదటి బడ్జెట్‌లోనే రాసుకోవాలి.

మొక్కలు

గింజలు పోటుతో వచ్చే పొరుగు అడవి ఉంటే ఒక ఏడాది ఆగి చూడండి. ముందుగా ఇలకూర, వంగరెడ్డి కూర లాంటి ఉప్పు మొక్కలు పాకితే అది మంచి గుర్తు, వాటి తీగల్లో మడ గింజలు చిక్కి నిలుస్తాయి. ఏడాదికీ ఏమీ రాకపోతే, ఒక్కో మట్టంలో 25 సంచి మొక్కలతో మూడు నెలల పరీక్ష నాటు వేయండి. ఉప్పును ఎక్కువగా ఓర్చేది తెల్లమడ. నల్లమడ, తిల్ల కాస్త ఎత్తైన నేలకు, ఉప్పు పొన్న పాయ అంచుకు. సంచి బురద శుభ్రమైన చోటిదే కావాలి. మొక్క 30 నుంచి 45 సెంటీమీటర్లు పెరిగి, నర్సరీలో పోటు నీటికి అలవాటు పడ్డాక నాటండి. 1.5 మీటర్ల ఎడమైతే హెక్టారుకు సుమారు 4,400. ఊతకర్ర కట్టొద్దు, ఆల్చిప్పలు, చెత్త దానికే పడతాయి. మొదటి రెండేళ్లు పశువులను, ప్లాస్టిక్‌ను, ఎత్తు గట్ల మీద సర్కారు తుమ్మను ఆపడమే అసలు సేద్యం.

చేపలు తినొచ్చా, ఎన్నాళ్లు కొలవాలి?

చేపలు పీఏహెచ్‌లను కొంతవరకు విరగ్గొట్టుకుంటాయి. ఆల్చిప్పలు, మసెల్స్ ఆ పని సరిగ్గా చేయలేవు, నెలల తరబడి దాచుకుంటాయి. కాబట్టి వేట ఒకేసారి తెరవకుండా ముందు మామూలు చేపలు, తర్వాత రొయ్యలు, పీతలు, ఆఖర్న ఆల్చిప్పలు అన్న వరసలో, ఒక్కోదానికి వరుసగా రెండు పరీక్షలు పోల్చే పాయతో సమానంగా వచ్చాకే తెరవాలి. వండినప్పుడు కిరోసిన్ వాసన వస్తే పరీక్ష కూడా అక్కర్లేదు, అది తినడానికి పనికిరాదు. వాసన రాకపోతే మాత్రం సురక్షితమని అర్థం కాదు.

కొలతలు మొదటి ఏడాది మూడు నెలలకోసారి, ఐదో ఏడు దాకా ఆరు నెలలకోసారి, పదో ఏడు దాకా ఏటా. అవే చదరాలు, అవే లోతులు, అదే ల్యాబ్ పద్ధతి. వాటితో పాటు చదరపు మీటరుకు పీత బొరియలు, కొత్త మొలకలు, బురద మట్టం కూడా రాయాలి. మట్టానికి లోతుగా పాతిన ఇనుప కడ్డీలు చాలు. చచ్చిన చెట్లున్న గట్లను ఐదో ఏడు నుంచి మరింత దగ్గరగా చూడండి. పనామాలో లాగా వేళ్లు కుళ్లి గట్టు జారేది అప్పుడే. ప్రతి తుపాను తర్వాత వారంలోపు అదనపు తనిఖీ చేయాలి, బూమ్‌లు, పీల్చుడు ప్యాడ్లు పదేళ్లూ గోదాములో సిద్ధంగా ఉండాలి.